ఆదివారం ఎక్కని బండి

1979 జులై 7, శనివారం

మందుల కంపెనీవోడు ఈ డైరీ జనవరిల ఇచ్చిండు. ఆర్నెల్లు ఖాళీగనే పడున్నది. రాసుకోవడానికి ఏమున్నది, దవాఖానల గోలీలు పొట్లం కట్టుడు, సీసాలల్ల గులాబిరంగు మందు పోసుడు? ఇప్పుడు బండి వచ్చింది. బండి ఉన్నోనికి రాసుకునే ముచ్చట్లు ఉంటయి.

పేరుకు మోపెడ్ గాని ఇంజను పెట్టిన సైకిలే. పెడళ్లు గూడ ఉన్నయి. కొని వారం గూడ కాలే, మా వాడ మట్టెవాడల నన్ను కాంపౌండరు ప్రభుదాసు అనుడు బందు పెట్టి బండి ప్రభుదాసు అంటాన్రు. నేనేం అనుకుంటలేను.

ఇయ్యాల డాక్టర్ రాజేశ్వర్ రావు సారును అడిగి రెండింటికే దవాఖాన నుంచి బయటపడ్డ. మరియమ్మ ఆరింటి పాసింజరుకు దిగుతది. వారమంతా నెక్కొండ బడిల పిల్లలకు అ ఆలు దిద్దిచ్చి శనివారం మాపటికి వస్తది, సోమవారం పొద్దుగాల పోతది. పెండ్లయి మూడేండ్లు, మాది వారానికి రెండు రోజుల సంసారం. ఆ రెండు రోజులకు బండి తయారుండాలె.

కడిగిన. తుడిచిన. బాపు నూనె కుప్పె తీసి నూనె పోసిన. బాపు ఉపదేశిగ వాక్యం చెప్పుకుంట ముప్పై ఏండ్లు సైకిల్ మీద ఊర్లు తిరిగిండు. ఆదివారం పని చెయ్యొద్దు గనుక శనివారమే సైకిల్‌కు నూనె. "రంధ్రం కనిపిస్తే మూడు చుక్కలురా" అనేటోడు. తండ్రి పేర ఒకటి, కుమారుని పేర ఒకటి, పరిశుద్ధాత్మ పేర ఒకటి. ఆయన పోయేదాక ఆ సైకిల్ ఒక్కనాడు కిర్రుమనలే. బండికి సైకిల్ కన్న రంధ్రాలెక్కువ. ముంగటి చక్రం, ఎన్క చక్రం, పెడళ్లు, గొలుసు, ఇంజను పక్క గుండ్రటి మూతకు నడిమధ్య ఇంకొకటి. అన్నిటికి మూడేసి. చుక్కలు పోసుడు నా వృత్తి, వరంగల్ మొత్తంల నా అంత సక్కగ పోసేటోడు లేడు.

ఐదున్నర అయింది. పోతాన.

జులై 8, ఆదివారం

పరువు పోయింది. జరంతనే పోయింది, కాని పోయింది.

మా గుడి రైలుకట్ట అవతల ఉంటది. బ్రిడ్జి కిందికి దిగాలె, మల్ల అవతల ఎత్తు ఎక్కాలె, ఎక్కంగనే గుడి గేటు. దిగుడు మంచిగనే దిగినం. ఎక్కుడు కాడ ఇంజను మస్తు అరిసింది, బండి మాత్రం కదలలే. ఎంత తిప్పితే అంత అరుపు, అంత కాలిన వాసన. ఇంజను, చక్రం కొట్లాడుకొని మాటలు బందు పెట్టినట్టే ఉన్నది. ఆఖరికి బండి ఎనకకు జారుడు షురూ చేసింది. మరియమ్మ దునికింది, కొత్త చీర కుచ్చిళ్లు బురదల పడ్డయి. నేను పెడళ్లు తొక్కుకుంట, నూకుకుంట పైకి చేరిన. అంగీ తడిసి ముద్దయింది.

సంఘపెద్ద సుందర్ రావన్న గేటు కాడనే నిలబడ్డడు. మట్టెవాడల బియ్యం దుకాణం ఆయనది, నోరు ఊరకుండదు. "ఏం ప్రభుదాసూ, బండి నిన్ను మోస్తాందా, నువ్వు బండిని మోస్తానవా?" అన్నడు. అందరు నవ్విన్రు. మరియమ్మ గూడ నవ్వింది.

ఆమె నవ్వుతె నాకు కోపం రాదు. రాదు అంటే రాదు.

జులై 9, సోమవారం

స్టేషన్‌కు ఐదు నిమిషాల తొవ్వ. పావుగంట పట్టింది. మరియమ్మ ఉరికి రైలెక్కింది. కిటికీల నుంచి చెయ్యి ఊపింది.

జులై 11, బుధవారం

స్టేషన్ రోడ్డు మీద యాకయ్య దుకాణానికి తీస్కపోయిన. మెకానిక్ యాకయ్య మనిషి బక్కపల్చన, చెయ్యి మాత్రం మంచిది. సంగతి చెప్పిన. "క్లచ్చి స్లిప్పు సారూ" అన్నడు చూడకముందే. ఇంజను తిరుగుడును చక్రానికి అందిచ్చేది క్లచ్చి. లోపట రెండు చెప్పుల అసొంటి ముక్కలుంటయట. ఇంజను జోరుగ తిరిగితె అవి విచ్చుకొని చుట్టున్న డబ్బాను గట్టిగ పట్టుకుంటయట. ఆ పట్టు తప్పితె ఇంజను తిరుగుతది గాని బండి పోదు.

"పా సారూ, నేను ఎన్క కూసుంట, మీరు నడుపుండ్రి" అన్నడు. బ్రిడ్జి కాడికి పోయినం. ఇద్దరం. దిగినం. ఎక్కినం! సినిగిన అంగీ ఎగిరిపోతాందని యాకయ్య ఒక చేత్తోని పట్టుకున్నడు, అంత జోరు.

"ఏడ స్లిప్పయితాంది సారూ? మంచిగనే ఉన్నది గదా!"

గేటు కాడ పురుగు గూడ లేదు. బుధవారం గుడికెవరొస్తరు? చూసేటోళ్లు ఉన్ననాడు ఎక్కది, లేనినాడు ఎక్కుతది. ఇదేం బండి నాయినా.

జులై 14, శనివారం

కడిగిన, తుడిచిన, నూనె పోసిన. రేపు చూడాలె సుందర్ రావన్న మొఖం.

జులై 15, ఆదివారం

రేపటి దాక ఏం రాయను.

జులై 16, సోమవారం

రాస్త. నిన్న మల్ల గట్లనే అయింది. అదే ఎత్తు, అదే అరుపు, అదే కాలిన వాసన. ఈసారి మరియమ్మ జారకముందే దిగింది, అలవాటైంది పాపం. సుందర్ రావన్న "బియ్యం బస్తా నడుము విరగకుంట మొయ్యాలంటె మంచి బండి గావాలె తమ్మీ" అన్నడు. బస్తా అని ఎవర్ని అన్నడో నాకు సమజ్ కాలే. మరియమ్మకు అయినట్లుంది. ఈసారి నవ్వలే.

ఇంట్ల బువ్వ తినేటప్పుడు అడిగింది. "యాకయ్యను ఎక్కించుకుంటె ఎక్కిందని చెప్పిన్రు గదా?"

"ఎక్కింది."

"ఊఁ" అన్నది. రెండోసారి బువ్వ పెట్టుకోలే.

జులై 18, బుధవారం

యాకయ్య ఇంజను పక్క మూత ఇప్పి లోపట చూసిండట. నేను దవాఖానల ఉన్న, మాపటికి పోయేసరికి అంతా బిగిచ్చి పెట్టిండు. "లోపట అంతా నూనెనే సారూ! సీలు పోయింది, ఇంజనాయిలు క్లచ్చి మీదికి దిగుతాంది. కొత్త సీలేసిన. చెప్పులు గరుకు కాయితం పెట్టి రుద్దిన. ఇగ ఫికర్ లేదు."

ఇగ ఫికర్ లేదు.

జులై 19, గురువారం

సీలు ముచ్చట చెప్పినంక గూడ ఒక ఆలోచన తొలుస్తాంది. యాకయ్య దగ్గుమందుకని దవాఖానకు వచ్చిండు. మాట మీద మాటగ బరువు మిషను మీద నిలబెట్టిన. యాభై నాలుగు. మరియమ్మ ఈస్టరు ముందు ఇదే మిషను మీద నిలబడ్డది, యాభై ఒకటి. మా రిజిస్టరుల నా చేతిరాతనే ఉన్నది.

అంటే బక్కోడే బరువు. మరి బక్కోన్ని ఎక్కించుకుంటె ఎక్కింది గద?

మిషను ఖరాబై ఉంటది. సారుకు చెప్పాలె.

జులై 21, శనివారం

కొత్త సీలు మర్యాదకు మూతల ఈసారి ఆరు చుక్కలు పోసిన. కొత్త సామానుకు నూనె ఎక్కువ పడుతది, బాపు అనేటోడు.

జులై 22, ఆదివారం

ఇయ్యాల జరిగింది ఉన్నదున్నట్లు రాస్త. ఇది నా డైరీ, ఇందుల గూడ అబద్ధం రాస్తె ఎట్ల.

ఎత్తు సగంల బండి ఆగింది. గేటు కాడ ముప్పై మంది. సుందర్ రావన్న చేతులు కట్టుకొని నవ్వుతాండు. నాకు చెవులు వేడెక్కినయి. "బండి మంచిగనే ఉన్నది! ఆమె దిగితె ఎక్కుతది!" అని ఒర్రిన. అందరు ఇనంగ ఒర్రిన. మరియమ్మ దిగింది. నేను పెడళ్లు తొక్కి, ఇంజను గుంజి, పైకి చేరిన. చేరి, ఎన్కకు తిరిగి, చెయ్యి ఊపిన.

ఊపిన నేను. గెలిచినోని లెక్క.

మరియమ్మ నడుసుకుంట వచ్చింది. నన్ను దాటింది. సుందర్ రావన్నను దాటింది. లోపటికి పోయి ఆడోళ్ల దిక్కు చాప మీద మొదటి వరసల కూసున్నది. పాటలన్ని పాడింది. నా దిక్కు చూడలే.

నేను అన్నదాంట్ల తప్పేమున్నది? ఆమె దిగింది, బండి ఎక్కింది. జరిగిందే చెప్పిన.

జులై 23, సోమవారం

రిక్షాల పోయింది స్టేషన్‌కు.

జులై 28, శనివారం

కడిగిన, తుడిచిన, నూనె పోసిన. ఆరింటి పాసింజరు ఏడింటికి వచ్చింది. అందరు దిగిన్రు. మరియమ్మ దిగలే. గార్డు జెండా ఊపేదాక నిలబడ్డ. నెక్కొండ నుంచి వచ్చే కూరగాయలామె చీటి ఇచ్చింది. "బడిల పని ఉన్నది. రాను. గుడ్లు గంపల ఉన్నయి, చెడిపోకముందే తినుండ్రి. మరియమ్మ."

మంచిదే. ఒంటరిగుంటె హాయిగ పాటలు వినొచ్చు. రేడియో పెట్టిన. బంద్ చేసిన.

జులై 29, ఆదివారం

ఒక్కణ్నే పోయిన గుడికి. బ్రిడ్జి కాడ

వాన పడ్డది. రోడ్డు తడిగ ఉన్నది. అందుకే.

గేటు కాడ ఇంకా ఎవరు రాలే. ఎవరు చూడలే. ఎవరికి చెప్పను.

జులై 31, మంగళవారం

ఇయ్యాల బండి పిట్ట లెక్క పోయింది. దవాఖానకు, మందుల దుకాణానికి, మల్ల ఇంటికి. ఎక్కడ ఆగలే. గుడ్లు మూడు చెడిపోయినయి.

ఆగస్టు 4, శనివారం

రాలే. ఈసారి చీటి గూడ లేదు. నూనె పోసిన, అలవాటు గద.

ఆగస్టు 5, ఆదివారం

మల్ల. ఒక్కణ్నే. ఇయ్యాల వాన లేదు, ఎండ మస్తు కాసింది.

ఎత్తు సగంల ఆగి పెడళ్లు తొక్కుతాంటె ఎన్క నుంచి సుందర్ రావన్న రిక్షాల వచ్చిండు. "అయ్యో, ఇయ్యాల గూడ ఎవరైన ఎన్క కూసున్నరా తమ్మీ?" అన్నడు. నేను నవ్విన. నవ్వి ఊకున్న. అప్పుడైన నోరు తెరిచి "ఆమె బరువు కాదన్నా" అనొచ్చు గద? అనలే. బండిది కాదు తప్పు, ఆమెది కాదు, మరి ఎవరిదంటె నా కాడ జవాబు లేదు గనుక ఆమె మీదనే ఉండనిచ్చిన. దీన్ని ఏమంటరో నాకు ఎర్కనే. రాయను.

ఆగస్టు 8, బుధవారం

సోమక్క పన్ను నొప్పికని దవాఖానకు వచ్చింది. నెక్కొండల మరియమ్మ ఆమె ఇంట్లనే ఒక అర్ర తీసుకొని ఉంటది. వయసుల పెద్దది, పన్ను నొస్తాన్న గూడ నోరు మాత్రం ఆగదు.

"ఏం పిలగా, నీకు కండ్లు నెత్తికెక్కినయా? నీ పెండ్లాం మాపటి బువ్వ మానేసింది. పదిహేను రోజులాయె. పొద్దున ఇంత గటక తాగి బడికి పోతాంది. ఎందుకు బిడ్డా అంటె బరువు దిగాలె అక్కా అంటది. ఏం బరువున్నది ఆ పిల్ల? గాలొస్తె ఎగిరిపోయేటట్టున్నది!"

లవంగం నూనె దూదికి అద్ది ఇచ్చిన. మూడు చుక్కలు పొయ్యాలె, ఏడు పడ్డయి. పదేండ్ల నౌకరీల మొదటిసారి.

అందరి ముంగట ఒర్రిన ఒక్క మాటకు ఆమె బువ్వ మానేసింది. నేను ఇక్కడ కూసోని వాన, రోడ్డు, సీలు అని రాసుకుంటాన. సిగ్గుండాలె నాకు.

శనివారం నెక్కొండకు నేనే పోత. రైలు మీద కాదు, బండి మీదనే. మరియమ్మ కండ్ల ముంగట నేనొక్కణ్నే బండి మీద ఎక్కి ఆగిపోయి చూపిస్త. ఇగ అంతకంటె క్షమాపణ ఏముంటది.

ఆగస్టు 12, ఆదివారం

నిన్నటిది, ఇయ్యాలటిది కలిపి రాస్తాన. తొడలు నొస్తానయి, కూసోని రాసుడు కష్టమే.

నిన్న ఒంటిగంటకు బయలెల్లిన. దూరపు తొవ్వ గనుక అన్ని రంధ్రాలకు దండిగ నూనె. ఊరు దాటంగనే షురూ అయింది స్లిప్పు. నూనె సరిపోలేదేమో అనుకున్న. తుమ్మచెట్టు కింద ఆపి మల్ల పోసిన. ఇంక ఖరాబైంది. మల్ల ఆపిన, మల్ల పోసిన. సగం తొవ్వ నుంచి ఉత్త సైకిలే. గొర్ల మంద ఒకటి నన్ను దాటిపోయింది. మంద కాసేటాయన "ఇంజను దేనికి పెట్టిన్రు సారూ, చప్పుడుకా?" అని అడిగిండు. ఔనన్న.

సోమక్క ఇంటి ముంగట దిగేసరికి ఐదున్నర. దిగుడు అంటె పడుడే. మరియమ్మ అరుగు మీద కుట్టుమిషను కాడ కూసోని ఉన్నది. ఏదో జాకెట్టు కుడుతాంది. సూసిన. తనదే. ఈస్టరుకు కుట్టిచ్చుకున్న నీలం జాకెట్టు. లూజయిందని పక్కలకు కుట్లేస్తాంది.

వస్తాంట తయారు చేసుకున్న మాటలన్ని పోయినయి.

"ఏంది, నేను దిగినంక గూడ ఎక్కలేదా?" అన్నది, తలకాయ ఎత్తకుంటనే.

"ఎక్కలే. నువ్వు లేకున్న ఎక్కలే మరియమ్మా. ఒక్కణ్నే ఉన్నా ఎక్కలే."

"ఎప్పుడు?"

"ఇయ్యాల. మొన్న ఆదివారం. అంతకుముందు జులై ఇరవై తొమ్మిది నాడు."

ఆమె మిషను ఆపింది. "ఇయ్యాల ఆగస్టు పదకొండు."

"ఔ."

"పదమూడు రోజుల సంది ఎర్కనా మీకు?"

"ఔ."

"ఒక కార్డు రాయొచ్చు గదా?"

బడిల పంతులమ్మ ముంగట పలక పగలగొట్టిన పోరని లెక్క నిలబడ్డ. "నాదే తప్పు. నీ మీద మోపినది నేను. ఎర్కయినంక గూడ ఊకున్నది నేను" అన్న. ఆమె మల్ల మిషను తొక్కుడు షురూ చేసింది. సోమక్క మజ్జిగ తెచ్చిచ్చి, మా ఇద్దర్ని చూసి, ఏం అనకుంట లోపటికి పోయింది. సోమక్క ఏం అనకుంట పోవుడు నేనెన్నడు చూడలే.

నా చేతులకు పని లేదు. శనివారం. సంచిల నుంచి నూనె కుప్పె తీసి, అరుగు కింద కూసోని, బండికి పోసుడు పెట్టిన. చక్రాలకు, పెడళ్లకు. ఇంజను పక్క మూతకు వచ్చిన. తండ్రి పేర. కుమారుని పేర.

"ఆగుండ్రి!"

మిషను చప్పుడు ఆగింది. మరియమ్మ లేచి నా పక్కకొచ్చి కూసున్నది. "ఆడెందుకు పోస్తాన్రు?"

"రంధ్రం ఉన్నది గద."

"ఎప్పటి సంది?"

"బండి కొన్నకాడి సంది. ప్రతి శనివారం. నువ్వొస్తవని."

"ఆ మూత ఎన్క ఏమున్నది?"

"క్లచ్చి" అన్న. అని, నేనన్న మాట నాకే ఇనొచ్చింది.

మరియమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. భుజాలు అదురుతానయి. ఏడుస్తాందనుకొని నా పానం పోయింది. ఏడుపు కాదు. నవ్వు. మాట రాని నవ్వు. నా చెయ్యి పట్టి అరుగు మీదికి గుంజుకపోయింది. కుప్పె నుంచి మిషను బెల్టు మీద మూడు చుక్కలు పోసి, "తొక్కుండ్రి" అన్నది. తొక్కిన. కింది పెద్దచక్రం గిరగిర తిరుగుతాంది, సూది కదులుతలేదు.

"సూసిన్రా? నూనె మిషనుకు పొయ్యాలె, బెల్టుకు తాకొద్దు. పట్టుకునేది ఏదైనా సరే, పొడిగ ఉంటెనే పట్టుకుంటది." బెల్టు తుడిచి, బడి చాక్‌పీసు రుద్దింది. మల్ల తొక్కిన. సూది టకటక దిగింది.

యాకయ్య పాపం సీలు మార్చిండు. సీలుకేం కాలే. రెండు మూడు దినాలు చెప్పుల మీది నూనె కాలి కాలి బుధవారానికి పట్టు దొరికేది, బండి మంచిగ నడిచేది. శనివారం నేను మల్ల పోసేది. ఆదివారం ఆమె ఎక్కేది. బాపు చెప్పింది తప్పు కాదు. బాపు సైకిల్‌కు క్లచ్చి లేదు, అంతే.

పొద్దుగూకకముందే మిషను పానాతోని మూత ఇప్పినం. సోమక్క పాత చీర పేలికలు తెచ్చింది. పెట్రోలు పెట్టి ఆ రెండు చెప్పులను, డబ్బాను తుడిచినం, గాలికి ఆరబెట్టినం, మల్ల బిగిచ్చినం. మరియమ్మ చేతులు మోచేతుల దాక నల్లగ. బడి ముంగటి మైదానంల తనే నడిపింది మొదలు. సైకిల్ వచ్చు గద ఆమెకు. మూడు చక్కర్లు కొట్టింది, నేను ఎన్క ఉరుకుతాన, సోమక్క చప్పట్లు కొడుతాంది.

నేను ఇగ అంతా అయిపోయిందనుకున్న. ఇయ్యాల పొద్దుగాల "పా, ఎక్కు, పోదాం" అన్న.

"ఎక్కను" అన్నది. "యాడ దింపిన్రో ఆడనే చెప్పాలె మీరు. అందరి ముంగట అన్నరు గదా, అందరి ముంగటనే చెప్పుండ్రి. సాక్ష్యం చెప్పే టైంల. అప్పుడు ఎక్కుత."

సాక్ష్యం! జరం తగ్గినోళ్లు, నౌకరి దొరికినోళ్లు చెప్పేది సాక్ష్యం. నేను లేచి క్లచ్చి గురించి చెప్పుడా? సుందర్ రావన్న ముంగటనా?

ఒక్కణ్నే వచ్చిన వరంగల్‌కు. బండి ఒక్కకాడ ఆగలే. ఆదివారం నాడు! బ్రిడ్జి ఎత్తు దానంతట అదే ఎక్కినట్టు ఎక్కింది. సంతోషపడుడు రాలే.

ఆగస్టు 15, బుధవారం

సెలవు. అద్దం ముంగట నిలబడి సాక్ష్యం చెప్పి చూసుకున్న. నాలుగుసార్లు. నాలుగుసార్లు సుందర్ రావన్న నవ్విండు, అద్దంల.

ఆగస్టు 18, శనివారం

చక్రాలకు, గొలుసుకు పోసిన. మూతకు పొయ్యలే. చెయ్యి దాని దిక్కే పోతాంది, సంచిల పెట్టుకున్న.

వచ్చింది! ఆరింటి రైలుకు. రిక్షాల ఇంటికి పోయింది, ఆమె ఎన్క నేను బండి మీద. "రేపు గుడికి నడిచొస్త" అన్నది.

ఆగస్టు 19, ఆదివారం

అయ్యగారు "సాక్ష్యం చెప్పేటోళ్లు ఎవరన్న ఉన్నరా?" అన్నరు. ఒక ముసలామె లేచి మోకాళ్ల నొప్పి తగ్గిందని చెప్పింది. ఆమె కూసున్నది. నేను లేచిన. గుడి మొత్తం నా దిక్కే చూసింది, ఇన్నేండ్లల నేను లేచింది లేదు.

"సంఘానికి వందనాలు. జులై ఇరవై రెండు నాడు గేటు కాడ నేను ఒక మాటన్న. ఆమె దిగితె బండి ఎక్కుతదని. అది అబద్ధం. బండి ఆగింది నా భార్య బరువుకు కాదు. ప్రతి శనివారం నేనే క్లచ్చిల నూనె పోసిన. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ పేర పోసిన." ఎన్క వరసల ఎవరో కిసుక్కుమన్నరు. "తరువాత నేనొక్కణ్నే ఉన్ననాడు గూడ బండి ఎక్కలే. పదమూడు రోజులు దాచిపెట్టిన. మెకానిక్ యాకయ్య యాభై నాలుగు కిలోలు, ఆయన్ను మోసింది. నా భార్య యాభై ఒక్కటే. నా మాటకు ఆమె మాపటి బువ్వ మానేసి నెల రోజులాయె. ఇది నా తప్పని ఒప్పుకుంటాన."

మొదలు ఎవరు ఏం అనలే. అయ్యగారు దస్తీ మొఖానికి అడ్డం పెట్టుకొని "ఆమెన్" అన్నరు. తరువాత గుడి మొత్తం నవ్వింది, ఆడోళ్ల దిక్కు ఎక్కువ. నేను నవ్వులల్ల మరియమ్మ నవ్వును ఎతికిన. కొంగు నెత్తి మీదికెళ్లి మొఖం మీదికి గుంజుకొని ఉన్నది, ఏం కనిపియ్యలే.

బయట గేటు కాడ నా పక్కకొచ్చి మెల్లగ అన్నది. "బరువెంతనో చెప్పుమని ఎవరన్నరు మిమ్ముల?"

"రుజువు గావాలె గదా?"

"జరుగుండ్రి" అన్నది. హ్యాండిల్ పట్టుకున్నది. పెడలు తొక్కింది, ఇంజను అందుకున్నది. నన్ను ఎన్క కూసోమన్నది. సంఘం మొత్తం గేటు కాడ నిలబడి సూస్తాంది. సుందర్ రావన్న నోరు తెరవబోయిండు. మరియమ్మ ముందుగాల్నే, "అన్నా, మీరు గూడ ఎక్కుతరా, జాగ ఉన్నది" అన్నది. ఆయన పొట్ట మీద చెయ్యి పెట్టుకొని ఇంత నవ్వు నవ్విండు, "వద్దమ్మా, నాకు మల్ల సాక్ష్యం చెప్పే పని పెట్టకు" అన్నడు.

బ్రిడ్జి కిందికి దిగినం. మట్టెవాడ దిక్కు ఎత్తు మొదలైంది. నేను అలవాటు కొద్ది కాళ్లు కిందికి దించిన, ఎన్క నుంచి నూకుదామని. "కాళ్లు పైకి!" అన్నది, పిల్లలకు చెప్పినట్లు. పెట్టుకున్న. బండి ఎక్కుతాంది. అరుపు లేదు, వాసన లేదు. ఆమె ఈపు నా ముంగట, నీలం జాకెట్టు, పక్కలకు కొత్త కుట్లు. ఆ కుట్లు ఇప్పించాలె, అవి లేకుంటనే ఆ జాకెట్టు ఆమెకు మల్ల సరిపోవాలె. పైకి చేరినం.

పైన మక్కకంకులు కాల్చేటామె కూసున్నది. మరియమ్మ బండి ఆపింది. ఒక కంకి తీసుకున్నది, ఉప్పు నిమ్మకాయ రుద్దిచ్చుకొని ఒక్క గింజ మిగలకుంట తిన్నది. నెలకు ఆమె ఆకలితోని తింటాంటె సూసిన. నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి, పొగ అన్న.

"ఇంకోటి తీస్కో" అన్న.

నా దిక్కు సూసింది. "బండి ఎక్కుతదా?"

"ఎక్కకుంటె నేను దిగుత."

రెండోది తీసుకున్నది. నాకు ఒక్క గింజ ఇయ్యలే.